పొగ పెట్టిందెవరు?

పాత డీజిల్ కారు పొగ వదిలితే అందరూ ముందు తిట్టేది పంపునే. అసలు సాక్ష్యం మాత్రం ఇంజెక్టర్ ముక్కు మీద ఉంటుంది. ఊడదీసి చూస్తే అదే చెబుతుంది, తప్పెవరిదో!

తెల్లవారుజామున నాలుగింటికి సుమ్మాదేవిలో బయల్దేరితేగానీ పదిగంటలకల్లా విశాఖలో డాక్టరు దగ్గర ఉండలేరు. కారేమో పాత ఇండికా. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. నాలుగోసారో ఐదోసారో ఎలాగో అందుకుంటుంది. ఒళ్లంతా దడదడ. వెనక చూస్తే మంచు కమ్మినట్టు తెల్లపొగ. వెనక సీట్లో పేషెంటు, పక్కన ఆయన కొడుకు, స్టీరింగు దగ్గర డ్రైవరు... ముగ్గురి మనసులోనూ ఒకటే ప్రశ్న. 'ఇది విశాఖ చేరుతుందా?'

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇండికా 2018లో, సుమో 2019లో సెలవు తీసుకున్నాయి. కంపెనీ మానేసినంత మాత్రాన జనం మానేస్తారా! పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో అలాంటి బండి ఒక్కటి ఉంటే ఆసుపత్రికీ అదే, పెళ్లికీ అదే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది నిజమే. అయినా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లిరావాల్సిన మనిషికి నమ్మకమైన బండి కావాల్సిందే. ఆ బండినే నమ్ముకుని ఇల్లు గడుపుకొనే డ్రైవరుకు మరీనూ.

అలాంటి బండి పొగ మొదలుపెట్టగానే షెడ్డులో వినిపించే మాటలు రెండే. 'పంపు పోయింది', లేదా 'నాలుగు ఇంజెక్టర్లూ మార్చేద్దాం'. రెండింటికీ బిల్లు వేలల్లోనే. వెంటనే తలూపకండి. ముందు ఊడదీసి చూడమనండి. చూశాక, పరీక్షించాక, ఏది పోయిందో అదే మార్చమనండి. నాలుగింట్లో ఒకదాని చివర ఉన్న చిన్న నాజిల్ మారిస్తే సరిపోయే పనికి పంపు మొత్తం విప్పడమెందుకు?

రెండు లక్షల పిచికారీలు

పెట్రోలు ఇంజిన్‌కు నిప్పురవ్వ కావాలి. డీజిల్‌కు అక్కర్లేదు. గాలిని గట్టిగా అదిమితే అదే నిప్పులా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే చాలు, అంటుకుంటుంది. ఆ చిమ్మే పనే ఇంజెక్టర్‌ది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజిన్‌ను లోకానికి చూపించినప్పుడు ఇంధనాన్ని లోపలికి ఊదడానికి పెద్ద కంప్రెసరే కావాల్సివచ్చింది. అంత బరువు కార్లో ఎక్కడ పెడతారు? బాష్ కంపెనీ 1927లో చిన్న పంపును పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజిన్ లారీల్లో, తర్వాత కార్లలో విస్తరించింది. మన దగ్గర ఆ పని 1951లో బెంగళూరులో మొదలైన మైకోది. 2008లో దాని పేరు బాష్‌గా మారింది కానీ పాత మెకానిక్కుల నోట ఇప్పటికీ అది 'మైకో పంపే'.

ఇంజెక్టర్ లోపల ఒక సూది ఉంటుంది. స్ప్రింగు దాన్ని రంధ్రం మీద అదిమి ఉంచుతుంది. పంపు నుంచి వచ్చిన డీజిల్ ఒత్తిడి స్ప్రింగును మించగానే సూది లేస్తుంది, తుంపర పడుతుంది, మళ్లీ టక్కున మూసుకుంటుంది. ఇండికా, అంబాసిడర్ తరహా పాత ఇంజిన్లలో ఈ ఒత్తిడి ఇంచుమించు 120 నుంచి 150 బార్. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ చిల్లర. లెక్కేసుకోండి మరి! ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ 1000 సార్లు చిమ్మాలి. సుమ్మాదేవి నుంచి విశాఖకు దాదాపు 200 కిలోమీటర్లు. గంటకు అరవై వేగంతో వెళ్లినా ఒక్కో ఇంజెక్టర్ సుమారు రెండు లక్షలసార్లు తెరుచుకుని మూసుకోవాలి. సూదికీ దాని తొడుగుకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన తలవెంట్రుక మందం అందుకు ఇరవై రెట్లపైనే. అంత సందులోకి ఇసుక నలుసు పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఊడదీయకముందే...

పొగ రంగు చూడండి. నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం, ఇంజెక్టర్ల జోలికి పోనక్కర్లేదు. నల్లగా ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. దుమ్ముతో మూసుకుపోయి ఉంటే ఇంజెక్టర్‌ది ఏ పాపమూ లేదు. పొద్దున్నే తెల్లపొగ వచ్చి వేడెక్కాక తగ్గిపోతుంటే హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ కూడా చూసుకోవాలి.

ఆపైన పాత మెకానిక్కుల కిటుకు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్‌కు వెళ్లే పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తారు, చుట్టూ గుడ్డ అడ్డంపెట్టి. బాగున్న సిలిండర్‌కు డీజిల్ ఆగితే ఇంజిన్ కుంటుతుంది. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారలేదో... దొంగ ఆ సిలిండర్‌లోనే ఉన్నాడు! దడదడ కూడా అక్కడే ఆగిపోతే ఇంజెక్టర్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

ఒక్క హెచ్చరిక. ఈ కిటుకు పాత మెకానికల్ పంపు బళ్లకే. కామన్ రైల్ ఇంజిన్ ఉన్న కార్లలో పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నడుస్తున్న ఇంజిన్‌లో అక్కడ నట్టు వదిలితే ప్రాణం మీదికి వస్తుంది. వాటికి వేరే పద్ధతి ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలిస్తారు. ఏ సీసా మిగతావాటికంటే తొందరగా నిండితే ఆ ఇంజెక్టర్ లోపల కారిపోతోందన్నమాట. మిగతా పరీక్ష మెషీను ఉన్నచోటే.

ముక్కు చూసి రోగం చెప్పొచ్చు

ఊడదీసే ముందు చుట్టూ గాలికొట్టి శుభ్రం చేయాలి. లేకపోతే ఆ మట్టంతా సిలిండర్‌లో పడుతుంది. ఏది ఎన్నో సిలిండర్‌దో గుర్తు పెట్టాలి. ఇది బద్ధకించే పని కాదు. కలిసిపోయాక సాక్ష్యం పోయినట్టే. ఊడదీసిన వెంటనే తుడిచేయడం చాలా షెడ్లలో అలవాటు. తుడవనివ్వకండి! ముందు నాలుగింటినీ వరసగా తెల్లకాగితం మీద పెట్టి వెలుతురులో చూడండి.

బాగున్న నాజిల్ ముక్కు మీద పలచటి మసి పొరే ఉంటుంది, పొడిగా. మూడు అలా ఉండి నాలుగోది తడిగా, జిడ్డుగా మెరుస్తుంటే అది కారుతోంది. సూది సరిగ్గా మూసుకోక, చిమ్మాల్సిన డీజిల్ చుక్కలుగా రాలుతోంది. ముక్కు చుట్టూ గట్టి బొగ్గు పువ్వులా పేరుకుంటే తుంపర చెదిరిందని లెక్క. ముక్కు నీలంగా మారితే అది విపరీతంగా వేడెక్కింది. ఒక్కోసారి అసలు కారణం నాజిల్ కాదు, కింద వేడిని ఆపే వాషర్ లేకుండానో తిరగేసో ఎవరో బిగించి ఉంటారు. ముక్కు శుభ్రంగా ఉండి ఇంజెక్టర్ ఒంటి మీద, మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి కట్టిందా? అది రాగి వాషర్ దగ్గర గ్యాసు తన్నుకొచ్చిన గుర్తు. అప్పుడు మార్చాల్సింది ఇంజెక్టర్‌ను కాదు, వాషర్‌ను! కూర్చునే చోటు శుభ్రం చేసి కొత్తది వేస్తే పని అయిపోతుంది.

నాలుగూ ఒకేలా నల్లగా ఉన్నాయనుకోండి. అన్ని నాజిళ్లూ ఒకేసారి పాడవడం అరుదు. గాలి అందకపోవడమో, పంపు టైమింగ్ తప్పడమో, ఎక్కువ డీజిల్ పోయడమో అయి ఉండాలి. అప్పుడు పంపును అనుమానించండి, న్యాయమే.

పిచికారీ పరీక్ష

కంటిచూపు సగం సాక్ష్యమే. మిగతా సగం డీజిల్ పంపుల షాపులో ఉండే చిన్న చేతిమిషను చెబుతుంది. ఒక మీట, ఒక గేజి, డీజిల్ పోసే గిన్నె, అంతే. ఇంజెక్టర్ తగిలించి మీట నొక్కితే ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుందో ముల్లు చూపిస్తుంది. కంపెనీ చెప్పిన అంకెకంటే తగ్గితే స్ప్రింగు అలసిపోయింది. లోపల మరికాస్త మందమైన షిమ్ము వేస్తే చాలాసార్లు దారికొస్తుంది.

తర్వాత ఒత్తిడిని తెరుచుకునే అంకెకు పది ఇరవై బార్లు కింద నిలిపి పది సెకన్లు ముక్కునే చూడాలి. చుక్క కట్టి రాలకూడదు. ఆపైన తుంపర. ఇండికా తరహా నాజిల్‌ది మంచులాంటి చిన్న శంఖం ఆకారం. బొలెరో డీఐ లాంటి వాటికి నాలుగైదు రంధ్రాలుంటాయి, అన్ని పాయలూ సమానంగా రావాలి. ఒక పక్కకే దారంలా కారితే నాజిల్ పనైపోయినట్టే. చాలా రకాల పాత నాజిళ్లు బాగుంటే చిమ్మేటప్పుడు కిర్రుమంటాయి. అనుభవం ఉన్న మెకానిక్ గేజికంటే ముందు ఆ శబ్దాన్నే నమ్ముతాడు!

ఈ పరీక్ష చూడ్డానికి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి, పిల్లల్ని అసలు తీసుకెళ్లకండి. ఆ తుంపర వేలికి తగిలితే చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి దోమకుట్టినంత గాటే కనిపిస్తుంది, మొదట్లో నొప్పీ ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చుబడిపోతుంది. 'ఏం కాలేదులే' అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

డబ్బాలో డీజిల్, డీజిల్‌లో నీళ్లు

విప్పిన సూది మీద ఎర్రటి తుప్పు మచ్చ కనిపిస్తే ఇంజెక్టర్‌ను కాదు, డీజిల్‌ను అనుమానించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడ్డాక కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. అలాంటి రోజుల్లో జనరేటర్ల కోసం డబ్బాల్లో, పీపాల్లో డీజిల్ దాచుకుంటారు. మూత సరిగా లేని డబ్బాలోకి తేమ చేరుతుంది. నీళ్లు డీజిల్‌కంటే బరువు, అడుక్కు దిగుతాయి. ఆ అడుగుది కార్లో పోశారా, సూది పని పట్టినట్టే. కాబట్టి నిలవ డబ్బాలో చివరి రెండు లీటర్లు బండికి పోయకండి. ఫిల్టరు కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, వానాకాలంలో నెలకోసారైనా విప్పి చూడండి. కిరోసిన్ కలిపితే చవకనే పాత తెలివితేటలూ వద్దు. సూదికి కందెన డీజిలే, వేరే నూనె ఏదీ అక్కడికి చేరదు. కిరోసిన్‌కు ఆ జిడ్డు తక్కువ.

బిగించేటప్పుడు

సూదినీ తొడుగునూ కలిపి నూరి జోడీగా తయారుచేస్తారు. కడిగేటప్పుడు ఒకదాని సూది ఇంకోదాంట్లో పెడితే రెండూ పాడవుతాయి. శుభ్రమైన డీజిల్‌లోనే కడగాలి. ముక్కుకు ఇత్తడి బ్రష్షు సరే, ఎమరీ కాగితం వద్దు. వేస్టు గుడ్డతో తుడిస్తే నూలుపోగులు లోపలే ఉండిపోతాయి. పాత రాగి వాషర్ ఒకటి గుంటలోనే అతుక్కుని ఉండిపోయి, దానిమీద కొత్తది వేస్తే ఇంజెక్టర్ ఎత్తుగా కూర్చుంటుంది. టార్చి వేసి చూస్తేగానీ దొరకదు.

బిగించాక పంపులో, పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేయించండి. ఒక గంట నడిపాక, ఇంజిన్ వేడిమీదుండగా నాలుగు ఇంజెక్టర్ల మొదళ్లూ టార్చి వేసి చూడండి. తడి కనిపించకూడదు, 'ఛుఫ్ ఛుఫ్' అని వినిపించకూడదు. తర్వాత పొగ పరీక్ష. బీఎస్-3, అంతకుముందు డీజిల్ బళ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. బాగుచేయకముందు ఎంత చూపించిందో ఆ కాగితం దాచి ఉంచితే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, బిల్లు కట్టేముందే.