చెవి లేని తాళము

తాళమనగానే మనకు తాళపుచెవి జ్ఞప్తికి వచ్చును. కాని చెవి లేని తాళములును కలవు. ప్రయాణపు పెట్టెలకును, సైకిళ్లకును వేయు అంకెల తాళములను మీరు చూచియే యుందురు. మూడో నాలుగో చిన్న చక్రములను త్రిప్పి, నియమితమైన సంఖ్యను ఒక వరుసలోనికి తెచ్చినచో అవి తెరచుకొనును. ఇవి నేటి వింతలని తలపవలదు. వీని పూర్వికులు మిక్కిలి ప్రాచీనములు. వానిపై తరచుగ అంకెలకు బదులు అక్షరము లుండెడివి.

టైగ్రిస్ నదీప్రాంతమున అల్ జజరీ యను యంత్రశిల్పి యుండెను. ఆతడు 1206వ సంవత్సరమున ముగించిన యంత్రగ్రంథమున, పెట్టెమూతపై నాలుగు అక్షరఫలకములు గల తాళమును వర్ణించెను. ఇటలీ దేశపు గణితవేత్త కార్డానో 1550లో ప్రకటించిన గ్రంథమునను ఇట్టి తాళపు ప్రసక్తి కలదు. చైనా శిల్పులు తమ లిపిని చెక్కిన కడియములను ఇత్తడి తాళములకు అమర్చిరి. 17వ శతాబ్దపు ఆంగ్ల నాటక మొకదానిలో ‘ఆమెన్’ అను మాటకు తెరచుకొను తాళము మాట వచ్చును. అది క్రైస్తవులు ప్రార్థన ముగించుచు పలుకు మాట, ఆంగ్లమున నాలుగక్షరములు. నాటకము చూడవచ్చిన సామాన్యులకును ఆ వస్తువు తెలిసియే యుండవలెను. లేనిచో కవి దానిని అట్లు వాడడు గదా!

పాత సామానులలో ఇట్టి తాళము కనబడినచో గుర్తించుట కష్టము కాదు. పొట్టి గొట్టము వంటి దేహమున కడియములు ప్రక్కప్రక్కన కూర్చబడియుండును. వానికి ఇరువైపుల నున్న బిళ్లలపై ఒక గీతయో చుక్కయో కనబడును. మాట దానికి ఎదురుగ ఏర్పడవలెను. ఐరోపా తాళములలో మాట కుదిరినపుడు కొంకి యొక కొన విడివడును. చైనా తాళము అడ్డముగ పరుండిన కడ్డీవలె నుండి, రెండు ముక్కలై ప్రక్కలకు జరిగివచ్చును. చెవి దూర్చు రంధ్రము కనబడనంత మాత్రమున అది అక్షరతాళమని నిశ్చయింపరాదు. కొన్ని తాళములలో రంధ్రమును రేకుమూత క్రింద దాచుదురు. అక్షరములు గల కడియములు తిరుగుచున్నవా లేదా యన్నదే అసలు పరీక్ష. ఇత్తడి వస్తువు కనబడగనే చింతపండుతోను, ఇటుకపొడితోను తోముట మన యిండ్లలో వాడుక. పాత తాళమునకు ఆ మర్యాద చేయవలదు. అక్షరములు అరిగినచో మాట చదువుట యెట్లు?

లోపలి నిర్మాణము సులభమైనదే. కడియముల నడుమ ఒక ఇరుసు కలదు. ఇరుసుపై, కడియమునకు ఒకటి చొప్పున, ఒకే వరుసలో చిన్న పళ్లుండును. ప్రతి కడియపు లోపలి అంచునను ఒక గాడి యుండును. గాడులన్నియు పళ్ల వరుసకు ఎదురుగ వచ్చినపుడే ఇరుసు బయటికి జరుగును. ఒక్క కడియము తప్పినను, దాని పన్ను ప్రక్కగోడకు తగిలి ఆగిపోవును. సామాన్యమైన తాళములలో శిల్పి పెట్టిన మాటయే శాశ్వతము. మేలైన వానిలో కడియమును రెండు పొరలుగ చేసి, అక్షరముల పొరను లోపలి పొరపై జరుపుకొనుటకు వీలు కల్పించిరి. అందుచే యజమాని తన యిష్టమైన మాటను పెట్టుకొనగలడు. ఫ్రాన్సు దేశపు ఎడ్మే రెనియే (1751–1825) ఇట్టి తాళములకు పేరొందెను.

ఇక లెక్క చూతము. నాలుగు కడియములపై ఆరేసి అక్షరములున్నచో, 6ను నాలుగు మారులు హెచ్చింపగా 1,296 మాటలగును. ఒక్కొక్కటి పరీక్షించుటకు ఐదు సెకనులు పట్టినచో మొత్తము 1 గంట 48 నిమిషములు. ఓపిక గల విద్యార్థికి ఒక మధ్యాహ్నపు పని. అక్షరములు 26 అయినచో మాటల సంఖ్య 4,56,976. నిద్రాహారములు మాని త్రిప్పినను 26 దినములకు పైగా పట్టును. ఈ సంఖ్యను చూచియే యజమానులు నిశ్చింతగ నుండిరి.

కాని ఆ గుణకారమును కూడికగా మార్చు ఉపాయ మొకటి కలదు. శిల్పి యెంత నేర్పరియైనను, పళ్లన్నియు వెండ్రుకవాసి తేడాయైన లేక కుదురవు. కొంకిని మెల్లగ లాగిపట్టినపుడు ఆ బలము ముందుగ ఒక్క పంటిపై పడును. ఆ పంటి కడియము బిగుసుకొనును. తక్కినవి వదులుగ తిరుగును. బిగిసిన దానిని, పట్టు కొంచెము సడలించుచు, అక్షరము వెంట అక్షరము త్రిప్పగా, గాడి పంటికి ఎదురైన చోట ఇరుసు రవంత జరుగును. అంతట బలము మరియొక కడియముపై పడును. ఇట్లు ఒక దాని వెంట ఒకటి లొంగిపోవును. ఇపుడు పరీక్షింపవలసిన తావులు 26, 26, 26, 26 కలిపి 104 మాత్రమే! నాలుగున్నర లక్ష లెక్కడ, నూట నాలు గెక్కడ! కడియములన్నియు కలిసి రహస్యమును దాచినంతవరకే ఆ పెద్ద సంఖ్యకు విలువ. ఒక్కొక్కటి వేరుగ సూచన యిచ్చినచో అది వట్టి అంకె. దీనిని గ్రహించిన శిల్పులు లోతు లేని దొంగగాడులను కూడ కోసిరి. పన్ను వానిలో రవంత దూరి ఆగి, తెరచువానిని మోసపుచ్చును. మరియొక బలహీనత మనుష్యునిదే. గుర్తుండుటకై అర్థము గల మాటనే పెట్టుకొనుట వాని స్వభావము. అట్టి మాటలు లక్షలు లేవు.

ఇట్టి కిటుకులు చెప్పవచ్చునా యని కొందరు శంకింతురు. 1851లో లండను ప్రదర్శన కాలమున హాబ్స్ అను అమెరికా దేశీయుడు, అభేద్యములని పేరొందిన ఆంగ్లదేశపు చెవితాళములను తెరచి చూపినపుడును ఇదే వివాదము చెలరేగెను. దొంగలకు ఈ లోపములు ముందే తెలియును, తెలియనివారు కొనువారే యని ఆతని పక్షమువారు వాదించిరి. ఆ వాదము నాకు సమంజసముగనే తోచుచున్నది. అయితే యజమాని యనుమతి లేక పరుల తాళముపై చేయి వేయుట వేరు మాట. దానిని ఏ వాదమును సమర్థింపదు.

మాట తెలిసినవారు గతించినపుడు, పాతపెట్టె ముందు కూర్చుండి ఇంటివారు మొట్టమొదట రంపమును వెదకుదురు. ఒక్క కోతతో తాళము పోవును. దానితోబాటు, పెట్టె మూసినవారు తమ మనసున నుంచుకొన్న మాటయు పోవును. దానికి బదులు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కుట్టుమిషను నూనె ఒక్కొక్క బొట్టు కడియముల సందున వేసి, ఒక రాత్రి విడిచిపెట్టవలెను. మరునాడు తొందర లేక పైన చెప్పినట్లు ప్రయత్నింపవలెను. తెరచుకొనిన తోడనే కడియములను కదల్పక, గీత కెదురుగ నిలిచిన అక్షరములను కాగితముపై వ్రాసికొని, ఆ పిమ్మటనే మూత యెత్తవలెను.