సాగని తీగ, రిమ్ములో గాడి

సైకిలు టైరు రెండు అంచుల్లోనూ ఒక్కో తీగ చుట్టు ఉంటుంది. రబ్బరు కప్పేయడం వల్ల కనబడదు. ఆ తీగను ఎంత లాగినా సాగదు, సాగకూడదు కూడా. 28 మిల్లీమీటర్ల లావున్న టైరులో 5 బార్ల ఒత్తిడితో, అంటే పంపు మీద దాదాపు 72 పీఎస్ఐ చూపేంతగా గాలి కొడితే, టైరు లోపలి గుడ్డ తన అంచులో ప్రతి మిల్లీమీటరునూ సుమారు 700 గ్రాముల బరువుతో లాగుతుంది. ఆ లాగుడును చక్రం చుట్టూ కూడితే ఒక్కో అంచు మీద 1.4 టన్నుల దాకా తేలుతుంది. తీగ కాస్త సాగినా చాలు, టైరు రిమ్ము గోడ ఎక్కేస్తుంది, సందులోంచి ట్యూబు బయటికి ఉబ్బి పేలిపోతుంది.

మరి అదే టైరును ఎక్కించాలంటే ఈ సాగని తీగే రిమ్ము గోడను దాటాలి. తీగ కూర్చునే మెట్టు కంటే గోడ 6 మిల్లీమీటర్లు ఎత్తు. చిన్న వలయం పెద్ద వలయం మీదుగా వెళ్లేది ఎలా? గాజులు తొడిగే ఆవిడను అడిగితే చెబుతుంది. గాజు సాగదు కాబట్టి ఆమె చేతిని ముడుస్తుంది. బొటనవేలిని అరచేతిలోకి నొక్కి, కణుపులను దగ్గరికి తెచ్చి, గాజును ఒక పక్కనుంచి జారుస్తుంది. రిమ్ము ముడుచుకోలేదు కాబట్టి దాని నడుమ ముందే ఒక గాడి చేసి పెట్టారు. బిగుతు టైరుతో కుస్తీపట్టి వేళ్లు ఒరుసుకునేవాళ్లలో ఎక్కువమంది ఆ గాడిని ట్యూబు పడుకునే చోటు అనుకుంటారు. దాని అసలు పని వేరు.

ఆ గాడిని ఊహించిన మనిషి చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్, ఇంగ్లండువాడు. డన్‌లప్ పేరు తెలియని ఊరు లేదు, వెల్చ్ పేరు తెలిసిన సైకిలు షాపు దాదాపు లేదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

నిజానికి గాలి టైరు డన్‌లప్‌తో మొదలు కాలేదు. స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో లోపలి గొట్టం, పైన తోలు తొడుగు, ఆ తోలును చక్రానికి బోల్టులతో బిగించడం, ఇదీ ఆయన ఏర్పాటు. గుర్రబ్బండికి వేసి లండన్ రీజెంట్స్ పార్కులో తిప్పి చూపించాడు. బాగానే నడిచింది. కానీ అప్పటికి సైకిలు పుట్టలేదు, బండి కుదుపు తగ్గించుకోవడానికి అంత ఖర్చు పెట్టేవాళ్లూ లేరు. జనం మరిచిపోయారు. నలభై ఏళ్ల తరవాత బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ అదే కనిపెట్టి, 1888లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడు అదే ఊళ్లో విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలెక్కి పందేలు గెలిచేసరికి గట్టి రబ్బరు టైర్ల రోజులు చెల్లిపోయాయి. థామ్సన్ పాత కాగితాలు బయటపడటంతో డన్‌లప్ పేటెంటు చెల్లలేదు గానీ, వ్యాపారం మాత్రం నిలిచింది.

ఆ తొలి టైరుకు పంక్చరైతే బతుకు దుర్భరం. దాన్ని రిమ్ముకు గుడ్డతో చుట్టి జిగురుతో అంటించేవారు. విప్పాలంటే గుడ్డను పీకాలి, అతుకు వేశాక మళ్లీ అంటించాలి, జిగురు ఆరేదాకా కాచుకోవాలి. 1889లో ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్‌లో ఎదూవార్ మిషెలాన్ రబ్బరు కర్మాగారానికి ఇలాంటి టైరొకటి మరమ్మతుకు వచ్చింది. బాగుచేయడానికి గంటలు పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. మర్నాడు ఆయన తొక్కి చూస్తే కాసేపటికే మళ్లీ గాలి పోయింది. ప్రయాణం ఇంత హాయిగా ఉన్న వస్తువును ఎవరైనా తేలిగ్గా విప్పి బిగించుకోగలగాలి అన్న పట్టుదల ఆయనకు అక్కడే పుట్టింది. 1891లో బోల్టులతో బిగించే విడి టైరు తెచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబరులో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగి రావాల్సిన సుమారు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరాన్ వాటి మీదే గెలిచాడు.

ఈలోగా 1890లోనే బ్రిటన్‌లో, నెల తేడాతో, రెండు వేర్వేరు జవాబులు పుట్టాయి. ఎడిన్‌బరోలో విలియం ఎర్స్‌కిన్ బార్ట్‌లెట్ టైరు అంచును లావుపాటి రబ్బరు కట్టుగా చేసి, లోపలికి వంగిన రిమ్ము గోడ కింద ఇరికించాడు. గాలి ఒత్తిడే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో ఎక్కించేటప్పుడు అంచును సాగదీయాల్సిందే. లావు టైర్ల తొలినాటి కార్లకు ఇదే వాడారు, డ్రైవర్లు ఇనుప కడ్డీలతో చెమటోడ్చారు. వెల్చ్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. అంచులో సాగని తీగ పెట్టాడు, సాగాల్సిన అవసరమే లేకుండా రిమ్ము నడుమ లోతు చేశాడు. రెండు పేటెంట్లూ డన్‌లప్ కంపెనీయే కొనేసింది. ఈనాడు సైకిలుకే కాదు, మోటారు సైకిలుకూ కారుకూ వాడే రిమ్ముల్లో ఉన్నది వెల్చ్ గాడే.

ఆ గాడి ఏం చేస్తుందో లెక్క కట్టి చూస్తే ముచ్చటేస్తుంది. గాడి 3 మిల్లీమీటర్ల లోతుందనుకుందాం. టైరు అంచు సగం చక్రం మేర మెట్టు దిగి గాడిలో పడితే, ఆ సగంలో తీగ నడవాల్సిన దారి పై (π) ఇంటూ 3, అంటే దాదాపు 9.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మిగిలిన ఆ తీగంతా వదులుగా ఎదుటి వైపు చేరుతుంది. చక్రం ఎంత పెద్దదన్నది ఈ లెక్కలోకి రానే రాదు. పిల్లల సైకిలుకైనా, పెద్ద సైకిలుకైనా అంతే లోతుకు అంతే వదులు. ఇదే లెక్క తిరగబడి చేటూ చేస్తుంది. పుల్లల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా గాడిలో వేసే పట్టీ 1 మిల్లీమీటరు మందం పెరిగితే, చక్రం మొత్తం మీద 6.3 మిల్లీమీటర్ల వదులు మాయం. మొండి టైరని తిట్టుకునే చాలాసార్లు తప్పు టైరుది కాదు, ఆ పట్టీది. మందపాటి గుడ్డ పట్టీ తీసి పలుచని ప్లాస్టిక్ పట్టీ వేస్తే అదే టైరు చేత్తో ఎక్కుతుంది.

చేతి పనంతా ఆ వదులును వెతికి తేవడమే. ట్యూబుకు ఆకారం వచ్చేంత మాత్రమే గాలి పోసి లోపల పెట్టాలి, అప్పుడది అంచు కింద నలగదు. రెండో అంచును వాల్వుకు సరిగ్గా ఎదుటి పక్కన మొదలుపెట్టి, రెండు వైపులనుంచీ సమానంగా వస్తూ, వాల్వు దగ్గర ముగించాలి. తొందరలో చాలామంది దీన్ని తలకిందులు చేసి వాల్వు దగ్గరే మొదలుపెడతారు. వాల్వు మొదలు లావుగా ఉండి గాడిని ఆక్రమించుకుంటుంది. అక్కడ అంచు కిందికి దిగదు, దిగనంత మేర వదులు దక్కదు. చివరి బెత్తెడు బిగుసుకున్నప్పుడు ఆ బెత్తెడుతో పోరాడి లాభం లేదు. ట్యూబులో మిగిలిన గాలి తీసేసి, ఎదుటి పక్కకు వెళ్లి, టైరును రెండు చేతులా పిసుకుతూ రెండు అంచులనూ గాడిలోకి నెట్టి, అక్కడినుంచి చక్రం పొడవునా వదులును తోసుకుంటూ రావాలి. పని చేస్తుండగానే అంచు గుట్టుగా మళ్లీ మెట్టెక్కేస్తుంది కాబట్టి ఇది ఒకసారితో అయ్యేది కాదు. సబ్బు నీళ్లు రాస్తే జారుడు వస్తుంది. చివర్లో అరచేతి మొదలుతో ఒత్తితే చాలు. స్క్రూడ్రైవరు జోలికి మాత్రం పోవద్దు. కనబడని చోట ట్యూబును కొరికేస్తుంది, మెత్తని అల్యూమినియం గోడకు చొట్ట పెడుతుంది. ఎక్కాక వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలాలి, దాని కింద ఇరుక్కున్న అంచు అప్పుడు సర్దుకుంటుంది.

ఇంత చేసినా ఎక్కకపోతే కొలత చూడాలి. అంగుళాల పేర్లు నమ్మదగ్గవి కావు. 26 అంగుళాలని అమ్మే టైర్లలో 26×1⅜కి తీగ వ్యాసం 590 మిల్లీమీటర్లు, 26×1½కి 584, కొండ సైకిళ్ల 26కి 559. వింత ఏమిటంటే 27×1¼ టైరు 630, 28×1⅝ టైరు 622, పేరులో చిన్నదే కొలతలో పెద్దది. 584 టైరును 590 రిమ్ముకు ఎక్కించబోతే చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది, ఏ బొటనవేలూ దాన్ని గెలవలేదు. మన ఊళ్లలో పాలవాళ్లూ పోస్టుమ్యాన్లూ తొక్కిన కడ్డీ బ్రేకుల పెద్ద సైకిలుది 28×1½, తీగ వ్యాసం 635. దాని స్టీలు రిమ్ముకు విశాలమైన గాడి ఉండేది, టైరు ఒత్తిడీ తక్కువే. అందుకే పంక్చరు షాపులో అది చేతులతోనే ఎక్కేది. టైరు పక్కన 40-635 లాంటి అంకెలు చెక్కి ఉంటాయి. రెండో అంకె రిమ్ము మీది అంకెతో కలిస్తేనే కొనాలి.

ఇటీవల బిగుతు మళ్లీ పెరగడానికి ట్యూబు లేని టైర్లు కారణం. 1999లో మావిక్, మిషెలాన్, హచిన్సన్ కలిసి కొండ సైకిళ్లకు ఈ పద్ధతి తెచ్చాయి. ట్యూబు లేదు కాబట్టి గాలిని ఆపాల్సింది టైరు అంచే. అది మెట్టు మీద గట్టిగా అతుక్కోవాలి, గాలి తగ్గినా గాడిలోకి జారకూడదు. అందుకని మెట్టుకూ గాడికీ మధ్య చిన్న గట్టు పెట్టారు, కొలతలు బిగించారు. కొన్ని కొత్త రిమ్ముల్లో టైరు అంచును పట్టి ఉంచే గోడ లోపలి కొక్కెం కూడా తీసేశారు. అక్కడ టైరును నిలిపేది ప్రధానంగా వ్యాసాల పొందికే, అందుకే వాటికి 5 బార్లకు మించి గాలి కొట్టకూడదని ప్రమాణాలు హద్దు పెట్టాయి. ఈ బిగుతు అవసరమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మెట్టు ఎంత బిగుతైనా పక్కన లోతైన గాడి ఉంటే టైరు చేత్తో ఎక్కుతుంది. ఎదురుగాలిని తేలిగ్గా కోసుకుపోవాలని రిమ్మును మలిచి, బరువు తగ్గించి, ఆ హడావుడిలో గాడిని పైపైన వదిలేసిన రిమ్ములే మనుషులను ఏడిపిస్తున్నాయి. కొత్త చక్రం కొనేటప్పుడు బరువు ఎంతని అడుగుతాం. పట్టీ విప్పించి గాడిలో వేలు పెట్టి లోతు కూడా చూడాలి, మెట్టుకంటే 3 మిల్లీమీటర్లయినా కిందికి లేని రిమ్మును అక్కడే వదిలేయాలి.