సైలెంట్ తీశాక మిస్డ్ కాల్స్ చూశారా? వర్చువల్ మెషీన్‌లో ఇంటరప్ట్‌ల కథ

ఈ ఎపిసోడ్ మా దువ్వూరులో, మా మిద్దె మీద కూర్చుని చేస్తున్నా. మధ్యలో ట్రాక్టర్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దు.

ఈరోజు టాపిక్: వర్చువల్ మెషీన్ లోపల నడిచే కెర్నల్, ఇంటరప్ట్‌లను అందుకోవడానికి ఏమేం సర్దుకోవాలి? పేరు చూసి స్కిప్ చేయకండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం వస్తే మీకు సగం వచ్చినట్టే.

ముందు ఇంటరప్ట్ అంటే ఏంటో చూద్దాం. మా దగ్గర కేసీ కాలవ నీళ్లకు వంతులుంటాయి. వంతు వచ్చిందా అని ఐదు నిమిషాలకోసారి గట్టు మీదికి పోయి చూడొచ్చు. అది పోలింగ్. లేదంటే పైచేను వాళ్లు ఫోన్ చేసేదాకా మన పని మనం చేసుకోవచ్చు. అది ఇంటరప్ట్. కీబోర్డు, టైమర్, నెట్‌వర్క్ కార్డు, అన్నీ ప్రాసెసర్‌కి ఇట్లా కాల్ చేసేవే.

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో దీనికి 256 గడుల టేబుల్ ఉంటుంది. ఏ నంబర్ వస్తే ఏ ఫంక్షన్ నడవాలో అందులో రాసి ఉంటుంది. మొదటి 32 గడులు పేజ్ ఫాల్ట్ లాంటి ప్రాసెసర్ సొంత గొడవలకు. కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు ఇంటరప్ట్‌లు మూసేసి, టేబుల్ నింపి, ఆ తర్వాతే తెరుస్తుంది. సైలెంట్ తీయగానే, ఆగి ఉన్న ఇంటరప్ట్‌ను ప్రాసెసరే అందిస్తుంది.

ఇప్పుడు వర్చువల్ మెషీన్‌కి వద్దాం. జెన్ అనే హైపర్‌వైజర్ ఉంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో పుట్టింది, దాని పేపర్ 2003లో వచ్చింది. 2006లో అమెజాన్ ఈసీ2 మొదలైంది కూడా దాని మీదే. జెన్ పారావర్చువల్ పద్ధతిలో గెస్ట్ కెర్నల్‌కి తాను గెస్ట్ అని తెలుసు. అసలు టేబుల్‌ను అది ముట్టుకోలేదు. అందుకే వరసగా ఈ పనులు చేస్తుంది: ఎక్సెప్షన్ల లిస్టును హైపర్‌కాల్‌తో జెన్‌కి ఇస్తుంది. "ఈవెంట్ వస్తే ఈ అడ్రస్‌కి కాల్ చెయ్" అని చెబుతుంది. ఈవెంట్ ఛానెళ్లన్నీ మూసి, కావాల్సినవాటికి హ్యాండ్లర్లు తగిలించి, వాటిని మాత్రమే తెరుస్తుంది. చివర్లో తన సైలెంట్ తీస్తుంది.

ఈ సైలెంట్ అనేది జెన్, గెస్ట్ ఇద్దరూ చూసే ఒక మెమరీ పేజీలో ఒక బైట్, అంతే. పేరు మాస్క్. పక్కనే ఇంకో బైట్, పెండింగ్. అది మిస్డ్ కాల్ గుర్తు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2020లో ఇంటి నుంచి పని. ఒక చిన్న కెర్నల్‌ను జెన్ మీద గెస్ట్‌గా నడపాలి. నడుస్తుంది, కానీ అప్పుడప్పుడు ప్యాకెట్‌కి జవాబు లేటు. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. రెండు వారాలు లాగ్‌లు చూస్తూనే ఉన్నా.

ఆ రోజుల్లోనే మా నాయన ప్రొద్దుటూరు పోతూ, నీళ్లొస్తే పసుపు తోటకు మడవ తిప్పమని నాకు చెప్పినాడు. మీటింగ్ ఉందని ఫోన్ సైలెంట్‌లో పెట్టినా. అయిపోగానే సైలెంట్ తీసి జేబులో వేసుకుని, మోగుతుందిలే అని కూర్చున్నా. ఎక్కడ మోగుతుంది? పైచేను మామ అప్పటికే మూడుసార్లు చేసినాడు. టైమ్ చూద్దామని ఫోన్ తీసేసరికి వంతు దాటిపోయింది. సగం తోట తడవలేదు. సాయంత్రం నాయన ఒకటే మాట అన్నాడు: "సైలెంట్ తీసినోడివి, ఒకసారి చూసుకోవద్దా అబ్బీ?"

రాత్రి కోడ్ తెరిస్తే అదే తప్పు! నేను మాస్క్ బైట్‌ను సున్నా చేసి వదిలేశా. నేను మెమరీలో ఒక బైట్ మారిస్తే ఆ క్షణంలో జెన్‌కి తెలియదు. వేరే పని మీద కంట్రోల్ జెన్ దగ్గరికి పోయి తిరిగొచ్చేటప్పుడు మాత్రమే అది పెండింగ్ చూసి కాల్ చేస్తుంది. అందుకే ఈవెంట్ పోలేదు, లేటయింది.

మందు రెండు లైన్లు. మాస్క్ తీశాక పెండింగ్ చూడాలి. ఉంటే జెన్‌ను ఒకసారి కదిలించాలి. దీనికి లైనక్స్ "నీ వెర్షన్ ఎంత?" అని ఒక ఉత్తుత్తి హైపర్‌కాల్ చేస్తుంది. జవాబుతో పనిలేదు, తిరిగొచ్చేటప్పుడు ఈవెంట్ అందుతుంది.

వరస మాత్రం మారకూడదు. ముందు మిస్డ్ కాల్స్ చూసి తర్వాత సైలెంట్ తీస్తే, ఆ సందులో వచ్చిన కాల్ తెలియదు. కంపైలర్ ఆ రెండు లైన్లను అటూఇటూ చేయకుండా మధ్యలో బ్యారియర్ కూడా పెట్టాలి.

ఇది పాత జెన్ గొడవే కదా అనుకోవద్దు. 2025లో పిక్సెల్ ఫోన్లకు వచ్చిన టెర్మినల్ యాప్ లోపల నడిచేది డెబియన్ వర్చువల్ మెషీనే. అలాంటి మెషీన్లలో వాడే వర్టియో డ్రైవర్లదీ ఇదే రూల్: నోటిఫికేషన్లు తిరిగి ఆన్ చేశాక, క్యూ ఇంకోసారి చూడాలి.

ఆ తడి పోయిన వరసల్లో పసుపు ఆ ఏడు సన్నగానే వచ్చింది. కోడ్‌కి ప్యాచ్ వేశా, తోటకు వేయలేకపోయా. సైలెంట్ తీశాక ఒకసారి చూసుకోండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.