ఎలక్ట్రానిక్ కాగితమునకు డ్రైవరు వ్రాయుట

వైశాఖమాసపు మధ్యాహ్నమున అనంతపురములో వేపచెట్టు క్రింద నిలిచి ఫోనులో నాలుగు పంక్తులు చదువ ప్రయత్నించినవారికి ఈ వ్యాసముయొక్క అవసరమును వేరుగ చెప్పనక్కరలేదు. ఎండ ముదిరిన కొలది ఆ తెర వెలవెలబోవును. ఎలక్ట్రానిక్ కాగితము అట్లు కాదు. అచ్చుపుస్తకమువలె వెలుగులోనే మరింత స్పష్టముగ కనబడును. ఒకసారి పడిన అక్షరము విద్యుత్తు లేకున్నను నిలిచియుండును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమలో, కరెంటు రాకపోకల నడుమ చదువుకొను విద్యార్థులకు ఇది చిన్న మేలు కాదు.

ఈ తెరలో వెంట్రుక మందమంతటి గుళికలు పరచియుండును. ఒక్కొక్క గుళికలోని ద్రవములో తెల్లని, నల్లని రేణువులు విరుద్ధ విద్యుదావేశములతో తేలుచుండును. వోల్టేజినిబట్టి ఒక రంగు పైకి వచ్చును, మరియొకటి అడుగునకు పోవును. 1997లో అమెరికాలో స్థాపింపబడిన ఇ-ఇంక్ సంస్థ దీనిని విపణికి తెచ్చినది.

డ్రైవరనగానే బస్సు తలపునకు వచ్చుట సహజమే. ఇచట డ్రైవరనగా ఆపరేటింగు సిస్టమునకును తెరకును నడుమ నిలిచిన దుబాసీ. సామాన్యమైన తెర సెకనుకు 60 పర్యాయములు తనను తాను తిరిగి వ్రాసికొనును. ఆపరేటింగు సిస్టము ఆ వేగమునకే అలవాటుపడినది. రేణువులు ద్రవములో ఈదవలసిన ఈ తెరకు పూర్తిగా మారుటకు సెకను వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ప్రతి చుక్క మార్పునకు దానిని కదిలించిన, తెర నిరంతరము నలుపు తెలుపులుగ మిణుకుమిణుకుమనుటే మిగులును.

ఈ చిక్కునకు జయకుమార్ అను ప్రోగ్రామరు వ్రాసిన ఉపాయము 2007లో లినక్సు కెర్నెలులో చేరినది. తపాలా పెట్టెలో ఉత్తరము పడినప్పుడెల్ల బంట్రోతు పరుగెత్తడు గదా! అట్లే స్మృతిలో తొలి వ్రాత పడగనే కెర్నెలు గుర్తు పెట్టుకొనును. కొంత వ్యవధి ఆగి, ఆలోపల మారిన పుటలన్నిటిని ఒక్కసారిగ డ్రైవరునకు అప్పగించును.

తరువాతిది ఉష్ణోగ్రత. చలికి ద్రవము చిక్కనై రేణువులు మందగించును, వేడికి చురుకగును. కనుక డ్రైవరు తాపమును కొలిచి, తగిన వోల్టేజి పట్టికను ఎన్నుకొనవలెను. పెక్కు పలకలకు 50 డిగ్రీలే హద్దు. మా ఎండలో గోడకు తగిలించిన పలక ఆ హద్దును సులభముగ దాటగలదు, నీడ తప్పదు.

మేము ఒక చిన్న పలకకు డ్రైవరు వ్రాసి చూచితిమి. మారిన భాగమును మాత్రమే తిరిగి వ్రాయించి కాలము మిగుల్చుదమనుకొంటిమి. 'కల్ల' అను పదమును తుడిచి 'కల' అని వ్రాసినచో తెరపై 'కల్ల'యే నిలిచినది! క్రొత్త పదముయొక్క కొలతనే పలకకు పంపితిమి. క్రిందికి దిగిన పాత ఒత్తు ఆ చట్రమునకు వెలుపల చెక్కుచెదరక యుండెను. పాత, క్రొత్త పదములు రెండును పట్టునంత చట్రము పంపిన పిమ్మట దోషము తొలగినది. ఆంగ్లాక్షరములతో మాత్రమే పరీక్షించియున్నచో ఇది మా కంట పడెడిది కాదేమో.

ఉర్దూ పంక్తి ఇంకను మిగిలియున్నది. నస్తలీఖులో పదము పైనుండి వాలుగ దిగును, చుక్కలు పైనను క్రిందను చెదరియుండును. చట్రము మరింత పెద్దది కావలెను.