తాబేలు నోరు తెరిస్తే... బుజ్జాయిగారి పంచతంత్రం

వైజాగ్ నుంచి నేనే. పోయిన ఎపిసోడ్‌లో సూపర్‌హీరో కామిక్స్ గురించి మాట్లాడితే, "మన తెలుగువాళ్లవి ఏం లేవా?" అని చాలామంది అడిగారు. ఎందుకు లేవు! ఈరోజు బుజ్జాయిగారి గురించి చెప్తా.

బుజ్జాయి అనేది కలం పేరు. అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. అవును, కవి కృష్ణశాస్త్రిగారి అబ్బాయే. 'డుంబు' బొమ్మల కథ కూడా ఈయనదే. కానీ మన రాష్ట్రం దాటి పేరు తెచ్చింది పంచతంత్రం. 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా అనే ఇంగ్లిష్ వారపత్రికలో అది సీరియల్‌గా వచ్చేది. టింకిల్ మొదలైంది 1980లో. అంటే మన కాలియా కాకి, చమటకా నక్క చాలా తర్వాత వచ్చినవాళ్లన్నమాట.

సరే, తెలిసిన కథలే కదా, బొమ్మలేస్తే కొత్తగా ఏం వస్తుంది? చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853 నుంచి ఉంది. అదేమో గ్రాంథికం, అప్పటి పిల్లలు బట్టీ పట్టి అప్పజెప్పేవాళ్లు. అందులో నవ్వు లేదని కాదు, పరీక్ష భయంలో ఎవరికి కనబడుతుంది చెప్పండి?

తాబేలు కథే తీసుకోండి. రెండు హంసలు కర్రకి చెరో కొస పట్టుకుని ఎగురుతుంటాయి, మధ్యలో తాబేలు నోటితో కరుచుకుని వేలాడుతుంటుంది. మాట్లాడితే పడిపోతుంది. కథ వినేటప్పుడు "అది నోరు తెరిచింది, పడింది" అని చెప్పాలి, ఒకదాని తర్వాత ఒకటి. కామిక్‌లో అయితే తాబేలు పక్కన మాటల బుడగ గీశారంటే చాలు, పని అయిపోయింది! దానికింకా తెలీదు, మనకి తెలిసిపోయింది. ఆ అర సెకను తేడాలోనే నవ్వు వస్తుంది. జంతువులు మాట్లాడే కథలకి బొమ్మలు అంత బాగా కుదరడానికి నాకు తోచిన కారణం ఇదే.

ఇది నాకు నేర్పింది మా తాతయ్య. పోర్టులో గుమస్తాగా చేసేవారు. ఆ వీక్లీలో పంచతంత్రం పేజీలు కత్తిరించి, మైదా జిగురుతో పాత లెడ్జర్‌లో అంటించి పెట్టుకున్నారు. నాకు ఇంగ్లిష్ రాదు కదా, బుడగల్లో మాటలు ఆయనే చదివేవారు, మా వైపు తెలుగులో. మొసలి కోతిని "ఏటి బావా, గుండెకాయ ఇంటికాడ ఒగ్గేసినావా?" అని అడిగేది. నిజంగా అందులో అలాగే రాసుందనే చాలా ఏళ్లు అనుకున్నా.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్. మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా మేడమీద గది కిటికీ అద్దాలు పగిలిపోయి, లెడ్జర్ ఉన్న ట్రంకు పెట్టె నిండా నీళ్లు. మేం చేసిన తప్పేంటంటే, తడిసిన పుస్తకాన్ని అలాగే మూసి డాబా మీద ఎండలో పెట్టాం. జిగురు కరిగి పేజీలన్నీ అట్టలా అతుక్కుపోయాయి. విడదీస్తే బొమ్మలు ఊడొచ్చాయి. మిగిలినవి పదకొండు. తాతయ్య ఏమీ అనలేదు, టీ తాగి పడుకున్నారు.

అందుకే అడుగుతున్నా. ఆ వీక్లీ 1993లోనే ఆగిపోయింది. ఇలాంటి కత్తిరింపులు ఎవరింట్లో అటక మీద ఉన్నాయో మనకి తెలీదు. సముద్రం గాలికి పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, కాబట్టి ముందు పిన్నులు మెల్లిగా తీసేయండి. సెల్లోటేప్ వద్దు, లామినేషన్ అసలే వద్దు. తడిస్తే నీడలో, ఫ్యాన్ గాలికి, ఒక్కో పేజీ విడిగా ఆరాలి. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫోటో తీయండి. వెనకవైపు కూడా తీయండి, ఎందుకంటే తేదీ చాలాసార్లు అటే ఉంటుంది. మా పదకొండింట్లో నాలుగింటికి అలాగే దొరికింది.

కోతి, మొసలి పేజీ మాత్రం పోయింది. మీ ఇంట్లో ఉంటే కామెంట్‌లో చెప్పండి. బుడగల్లో నిజంగా ఏం రాసుందో చూడాలి.