స్వచ్ఛంద గ్రంథాలయము - దాని సేవలు

గ్రంథాలయమనగానే విశాలమైన భవనము, అద్దాల బీరువాలు, జీతము తీసుకొను సిబ్బంది మన మనస్సులో మెదలుట సహజము. కాని తెలుగునాట గ్రంథాలయము ప్రజల ఇండ్లలో పుట్టి, ప్రజల చందాలతో పెరిగినది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము రావిచెట్టు రంగారావు గారి ఇంటిలో ప్రారంభమైనది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించినారు. అయ్యంకి వెంకట రమణయ్య గారు ఈ ఉద్యమమునకు జీవితమునే ధారపోసినారు. 1918లో వేటపాలెమను చిన్న ఊరిలో వెలసిన సారస్వత నికేతనము నేటికిని పరిశోధకులకు పాత పత్రికల భాండారము. ఉర్దూ భాషకు డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు 1931లో హైదరాబాదున స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ ఇట్టి సేవనే చేసినది. భాషలు వేరైనను ఆశయమొక్కటే.

పుస్తకమును ఇచ్చి పుచ్చుకొనుటతోనే చిన్న గ్రంథాలయము పని ముగియదు. చదువురాని వారికి వార్తాపత్రిక చదివి వినిపించుట, రాత్రి బడి నడుపుట, ఉపన్యాసములు ఏర్పాటు చేయుట ఆనాటి కార్యకర్తల నిత్యకృత్యములు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు ప్రాంతమున కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై నడచు పడవలలో గ్రంథాలయమును నడిపినారు. ప్రయాణికులు గంటల తరబడి ఊరక కూర్చుండు వేళను ఆయన పఠన వేళగా మార్చినారు. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే అతని వద్దకు పోవలెనన్నది ఇందలి సూత్రము.

ఈ సూత్రము మన గూడూరునకు మిక్కిలి వర్తించును. నిమ్మకాయల మార్కెట్టులో పొద్దంతా శ్రమించువారు, జంక్షనులో రైలు కొరకు వేచియుండువారు, పెండ్లితో చదువు నిలిచిపోయిన ఆడపిల్లలు, చూపు మందగించి ఉర్దూ పత్రిక చదువలేని పెద్దలు, వీరెవ్వరును మన గ్రంథాలయపు గడప తొక్కలేరు. వీరి చేతికి పుస్తకమును, చెవికి వార్తను అందించుటయే నిజమైన సేవ.

1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలగుచున్నది. అది పౌర గ్రంథాలయముల కొరకు. స్వచ్ఛంద గ్రంథాలయమునకు ఆధారము మనుష్యుల సమయమే. నడుపువాడు ఒక్కడే యైనచో, అతనికి వేరే ఊరిలో ఉద్యోగము దొరికిననాడు తలుపునకు తాళము పడును; చెదలు మాత్రమే పాఠకులై మిగులును. చిన్న గ్రంథాలయములకు ధనలోపము కంటె ఇదియే పెద్ద గండము.

దీనికి విరుగుడు పనిని పంచుకొనుట. పదునలుగురు విద్యార్థులు వారమునకు రెండేసి గంటలు ఇచ్చినచో ప్రతిదినము నాలుగు గంటలు తలుపులు తెరచియుంచవచ్చును. ఒకరు వచ్చిన పుస్తకములకు వరుస సంఖ్య వేసి రిజిస్టరులో వ్రాయవలెను. ఒకరు ఇచ్చినవి, తిరిగి వచ్చినవి నమోదు చేయవలెను. ఒకరు చినిగిన పుటలు అతికి బైండు చేయించవలెను. లెక్క సరిగా వ్రాసియున్నచో నేడు ఒకరు వదలిన పనిని రేపు మరియొకరు అందుకొనగలరు.

ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో వెలువరించిన పంచ సూత్రములలో మొదటిది, పుస్తకములు ఉపయోగము కొరకేనని. మన ఇండ్లలో అటకలపై మూటకట్టియున్న ఉర్దూ, తెలుగు పుస్తకములు ఎవరి ఉపయోగము కొరకు? వానిని దింపి దుమ్ము దులిపి ఒక గదిలో చేర్చినచో సగము గ్రంథాలయము సిద్ధమైనట్లే. ఆ గదిని చూపు భారము కళాశాల కమిటీ పెద్దలది. వారమునకు రెండు గంటలిచ్చి తక్కిన సగమును పూరించు భారము విద్యార్థినీ విద్యార్థులది. ఆ రెండు గంటలలో తోడుగా నిలుచుటకు అధ్యాపకులమైన మేము సిద్ధముగా ఉన్నాము.