‘పోనీలే’ అనే హక్కు ఎవరిది?

1997 జూన్ 13. దక్షిణ ఢిల్లీ గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ సినిమా హాల్లో ‘బోర్డర్’ మ్యాట్నీ ఆట నడుస్తోంది. కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి, పొగ బాల్కనీని కమ్మేసింది. అదనపు సీట్లు వేసి దారులు మూసేయడంతో జనం బయటపడలేకపోయారు. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే. వారిలో నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతుల పిల్లలు ఉన్నతి, ఉజ్వల్ ఉన్నారు. వయసు 17, 13 ఏళ్లు. ఆ టికెట్లు బుక్ చేసింది తల్లే.

ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ‘ఉంటే’లు పుడతాయి. కొనకుండా ఉంటే, వద్దని ఉంటే, ఇంకో ఆటకు పంపి ఉంటే... 1975లో బరూచ్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త, 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించి కొందరికి చదవడానికి ఇచ్చారు. ఫలితం ముందే తెలిసినవారికి అది ‘ఎలాగూ జరగాల్సిందే’ అనిపించింది. జరిగిపోయాక అన్నీ ముందే కనిపించి ఉండాల్సినట్టు తోస్తాయి. టికెట్ కొంటున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఎవరికీ తెలియదు. మనసు మాత్రం ఇప్పటి జ్ఞానంతో అప్పటి మనిషిని బోనెక్కిస్తుంది.

ఈ స్వీయనిందలో రెండు రకాలున్నాయని 1979లో రోనీ జనోఫ్-బుల్మన్ ప్రతిపాదించారు. ‘నేను ఆ పని చేయకుండా ఉండాల్సింది’ అనేది ఒకటి. ‘నేనే అలాంటిదాన్ని’ అనేది రెండోది. పని మార్చుకోవచ్చు, స్వభావం మీద వేసుకున్న ముద్ర అంత తేలిగ్గా పోదు. అందుకే ఆమె రెండోదాన్ని కుంగుబాటుతో ముడిపెట్టారు. తేడా ఒక్క వాక్యంలోనే ఉంది.

మరి నిజంగా తప్పు చేసినవాళ్ల మాట? క్షమ మీద దశాబ్దాలుగా పరిశోధిస్తున్న అమెరికా శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ తల్లి 1996 కొత్త సంవత్సరం వేళ ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆయన హంతకుణ్ణి మన్నించానన్నారు. 2005లో సోదరుడు ఆత్మహత్య చేసుకున్నాక తనను తాను మన్నించుకోవడం అంతకంటే కష్టమైందనీ రాశారు.

వర్తింగ్టన్ క్షమను రెండుగా చూస్తారు: పగ తీర్చుకోనని నిర్ణయించుకోవడం, లోపలి ద్వేషం కరగడం. మొదటిది ఒక్క రోజులో జరగవచ్చు, రెండోదానికి ఏళ్లు పట్టవచ్చు. రాజీపడటం, కేసు వదులుకోవడం ఈ రెండింటిలోనూ లేవు. ఆయన పద్ధతిలోని అభ్యాసాల పుస్తకాన్ని కొలంబియా, హాంకాంగ్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, ఉక్రెయిన్‌లలో 4,598 మందితో పరీక్షించారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం పగతో పాటు కుంగుబాటు, ఆందోళన కూడా తగ్గాయి. అయితే అందులో పాల్గొన్నవాళ్లు తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు. ఎవరో బలవంతం చేస్తే ఏమవుతుందో ఆ లెక్కలు చెప్పవు.

నాకు ఇక్కడే మన ‘పోనీలే’ గుర్తొస్తుంది. దెబ్బతిన్న మనిషి తనంతట తాను అంటే అది ఊరట. పక్కింటాయనో, మేనమామో అంటే నోరు మూయించడం. కృష్ణమూర్తి దంపతులు పోనీలే అనలేదు. బాధిత కుటుంబాలతో సంఘం పెట్టి కోర్టుకెక్కారు. 2015లో సుప్రీంకోర్టు, హాలు యజమానులకు మిగిలిన జైలుశిక్ష బదులు మొత్తం 60 కోట్ల రూపాయల జరిమానా చాలంది. 2017లో ఒకరిని మాత్రం మిగిలిన ఏడాది శిక్ష అనుభవించమంది. ఈ పోరాటాన్ని ‘మనసులో పెట్టుకోవడం’ అని కొట్టిపారేయడానికి క్షమ మీద జరిగిన పరిశోధనలను వాడుకోవడం పొరపాటు.

2016లో ఆ దంపతులు ‘ట్రయల్ బై ఫైర్’ అనే పుస్తకంలో తమ కథ రాశారు. రాయడం మీద కూడా ప్రయోగాలున్నాయి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 46 మంది విద్యార్థులను నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయమన్నారు. చేదు అనుభవం గురించి ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు మరింత బరువెక్కింది. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూస్తే సగటు లాభం చిన్నదే అని తేలింది.

కాబట్టి కాగితం, కలం అందరికీ మందు కాదు. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఒంటరిగా తవ్వుకోవడం కంటే వినేవాళ్లు ఉండటం మేలు. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, రుసుము లేదు.